దారం డబ్బులు

అర్థశాస్త్ర పండితుల దృష్టికి ఇంతవరకూ రాని ఒక సిద్ధాంతాన్ని మా మూడో అంతస్తు వదినగారు గత నెలలో మా భోజనాల బల్ల దగ్గరే నిలబడి ప్రతిపాదించారు. బల్ల మీద నేను అల్లి పరిచిన తెల్లటి లేసు గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి, కిటికీ వెలుతురుకు అడ్డుపట్టి చూసి, "భలే ఉందండీ వదినగారూ, మా అమ్మాయి అత్తవారికి ఇలాంటిదే ఒకటి అల్లిపెట్టండి. మీరెలాగూ ఇంట్లో ఖాళీయేగా! దారం డబ్బులు నేనిచ్చేస్తాను" అన్నారు. ఆ "దారం డబ్బులు" అన్న మాటలో ఎంత ఔదార్యం తొణికిసలాడిందంటే, ఆవిడ నాకేదో ఈనాం రాసిస్తున్నారని ఒక్క క్షణం నేనే భ్రమపడి, కాఫీ కూడా కలిపి ఇచ్చాను.

లెక్క ఆవిడ వెళ్లాక వేసుకున్నాను. ఆ గుడ్డలో 70 పువ్వులున్నాయి. కొక్కెం సూదితో నడిమి ఉంగరం దగ్గర మొదలుపెట్టి, గొలుసులు లెక్కపెట్టుకుంటూ, ఆరు రేకులూ తిప్పి ముడి వేసేసరికి పువ్వుకు 40 నిమిషాలు పడుతుంది. మధ్యలో కుక్కరు కూత పెట్టి లెక్క తప్పిస్తే ఆ వరస మొత్తం ఊడదీసి మళ్లీ అల్లుకోవాలి. ఆ కాలాన్ని పెద్దమనసుతో వదిలేసినా పువ్వులకే 46 గంటల 40 నిమిషాలయింది. వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి, చుట్టూ అంచు అల్లి, పలచటి గంజిలో ముంచి, గుండుసూదులు గుచ్చి సాగదీసి ఆరబెట్టేసరికి 60 గంటలు నిండాయి. దారం ఆరు ఉండలు, ఉండ 70 రూపాయలు, వెరసి 420. మర్నాడు వదినగారు 500 నోటు తెచ్చి నా చేతిలో పెట్టి, "మిగతా 80 మీరే ఉంచుకోండి, పరవాలేదు" అన్నారు. అంటే నా పని విలువ గంటకు ఒక రూపాయి ముప్పైమూడు పైసలని ధర ఖాయమయింది.

ఆవిడ పిసినారి అని పొరబడకండి. అంతకు రెండు వారాల ముందే గాజులు కొనడానికి తోడు రమ్మంటే నగల దుకాణానికి వెళ్లాను. అక్కడ ఆవిడ బంగారానికి డబ్బు కట్టారు. బంగారాన్ని గాజుగా వంచినందుకు మజూరీ కట్టారు. వంచేటప్పుడు పోయిన బంగారానికి, అంటే గాజులో లేని, ఇంటికి రాని, ఆవిడ కంటితో ఎన్నడూ చూడని బంగారానికి తరుగు పేరుతో మళ్లీ కట్టారు. వీటన్నిటి మీదా పన్ను కట్టారు. తరుగులో ఒక్క శాతం తగ్గించమని అడిగితే కుర్రవాడు మేనేజరును పిలిచాడు, మేనేజరు లోపలికి వెళ్లి ఎవరితోనో మంతనాలాడి, ముఖం దిగులుగా పెట్టుకుని వచ్చి అర శాతం తగ్గించాడు. వదినగారి ముఖం వెలిగిపోయింది. "బంగారం డబ్బులు ఇచ్చేస్తాను, మీరెలాగూ షాపులో ఖాళీగానే కూర్చున్నారుగా" అని మాత్రం ఆవిడ అనలేదు.

దీన్నిబట్టి లోపం నా అల్లికలో లేదని, ఏసీ లేకపోవడంలో ఉందని గ్రహించాను. కాబట్టి త్వరలో ఒక లేసు దుకాణం తెరవదలచాను. గుమ్మంలో మీసాల వాచ్‌మన్ తలుపు తీస్తాడు. రాగానే చల్లటి బాదం పాలు ఇస్తారు. ఎర్ర మఖ్మల్ పళ్లెంలో నా లేసు గుడ్డను పెట్టి, అద్దాల పెట్టెలో ఉన్న చిన్న త్రాసులో తూచి, మిల్లీగ్రాములతో సహా చదివి వినిపిస్తారు. "మేడమ్, ఇందులో దారం ఇంత, మజూరీ ఇంత, తరుగు 18 శాతం" అంటాడు కుర్రవాడు. తరుగెందుకని అడిగితే, ఊడదీసినప్పుడు పీచులేచి పారేసిన దారమని, ఒళ్లో పిల్లి ఆడుకున్న ఉండ అని వినయంగా వివరిస్తాడు. తగ్గించమంటే నన్ను పిలుస్తాడు. నేను లోపలికి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి రెండు నిమిషాలు పావురాలను చూసి, ముఖం దిగులుగా పెట్టుకుని వచ్చి అర శాతం తగ్గిస్తాను. వదినగారు ఆనందంగా కార్డు గీకుతారు. పాత లేసు తెస్తే మార్పిడి సౌకర్యం కూడా ఉంటుంది.

"ఆన్‌లైన్‌లో 199కే దొరుకుతోందండీ" అనే శ్రేయోభిలాషులకు ఒక్క విషయం మనవి చేయాలి. సూదులతో అల్లే మేజోళ్ల పనికి ఇంగ్లండులో విలియం లీ 1589లోనే యంత్రం కనిపెట్టాడు. నేను కొక్కెం సూదితో అల్లే ఈ క్రోషియా అల్లికను ఉన్నదున్నట్టుగా అల్లిపెట్టే యంత్రం మాత్రం ఈనాటికీ కర్మాగారాల్లోకి రాలేదు. కనుక ఆ 199 రూపాయల వస్తువు యంత్రం నేసిన నకలైనా అయి ఉండాలి, లేదా నిజంగా అల్లికే అయితే, ఆ 199లో దారమూ, పెట్టె, రవాణా, అమ్మినవాడి లాభమూ పోగా ఏదో ఊళ్లో ఒక ఆడమనిషికి మిగిలిన చిల్లర ఎంతో మీరే లెక్కవేసుకోవాలి.

ఆ ఊరు నాకు తెలుసు. మా అమ్మమ్మది నరసాపురం దగ్గరి పల్లె. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు పని గోదావరి డెల్టాలో ఇంటింటికీ పాకింది. అమ్మమ్మ ఎడమ చూపుడువేలి మీద దారం జారీ జారీ పడిన సన్నటి గీత ఆవిడ పోయేదాకా చెరగలేదు. సైకిలు మీద ఏజెంటు వచ్చేవాడు, కండెలు ఇచ్చి పోయేవాడు, మళ్లీ వచ్చి అల్లిన ముక్కలను తిరగేసి "మరక ఉందమ్మా" అని డబ్బులు కోసుకునేవాడు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ల మధ్య పరిశోధించి, 1982లో పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీకి తోడు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా వాళ్లకు సగటున రూపాయి కూడా దక్కడం లేదని ఆవిడ తేల్చారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న ఆ మనుషులను వ్యాపారులు పనివాళ్లని అననే లేదు. గృహిణులట. తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటారట!

తీరికా? కోడి కూయకముందే లేచి, పొయ్యి వెలిగించి, పశువుల దగ్గర ఊడ్చి, పిల్లలకు పెట్టి, బిందెలతో నీళ్లు మోసి, ఆ తరవాత అరుగు మీద కూర్చుని వెలుగు పోయేదాకా, వెలుగు పోయాక బుడ్డి దీపం దగ్గర అల్లితే దాని పేరు తీరికా? నడుములు విరిగాయి, చూపులు మందగించాయి, ఏజెంట్లకు డాబాలు లేచాయి. కూలి ఇవ్వకుండా ఉండడానికి మన సమాజం కనిపెట్టిన మాటల్లో "ఖాళీ" అంత చవకైనది, అంత సిగ్గుమాలినది మరొకటి లేదు. బంగారంలో తరుగు కొనేవాళ్లు భరిస్తారు. లేసులో తరుగు మా అమ్మమ్మ కళ్లు, వాటికి ఎవరూ శాతం కట్టలేదు.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలా సంతోషం. ఇకమీదట ఆ పేరును మరో ఊరివాళ్లు దొంగిలించడానికి వీల్లేదు. అల్లినవారి కూలిని మాత్రం సొంత ఊరివాళ్లే యథావిధిగా దొంగిలించవచ్చు.

అల్లడం నాకు ఇష్టమే. ఉత్త గొలుసు కాస్తా రేకుగా ముడుచుకునే ఆ ఘడియ కోసం నేను నిద్ర మానుకోగలను. అయితే ఇష్టంగా చేసే పనికి కూలి ఉండదని వదినగారి సిద్ధాంతం. ఆవిడ అల్లుడికి కంప్యూటర్లంటే ప్రాణమట, జీతం వద్దన్నట్టు వినలేదు.

నిన్న సాయంత్రం బజారుకు వెళ్లి ఆరు దారం ఉండలు కొని, సంచిలో పెట్టి, మిగిలిన 80 రూపాయలు కవరులో వేసి మూడో అంతస్తుకు వెళ్లాను. వదినగారు సంచిలోకి తొంగిచూసి, "ఇదేమిటండీ, ఇంకా అల్లలేదా?" అన్నారు.

"దారం డబ్బులు ఇచ్చారు కదండీ, దారం తెచ్చాను" అన్నాను.

ఆవిడ ఉండలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, బిల్లు ఉందా అని అడిగారు.