రేకుల షెడ్డుకి బరువేముంటుందమ్మా అంట!

ఇప్పుడే మేస్త్రీతో గొడవపడి వచ్చాను, ఒళ్లు ఇంకా మండిపోతోంది. గేదెల షెడ్డుకి ఇనుప పైపులు నిలబెట్టి గుంతల్లో కాంక్రీటు పోస్తున్నారు. మాలు గట్టిగా ఉంది, తియ్యడం కష్టంగా ఉందని ఒక కుర్రాడు కాంక్రీటు కలిపే మిల్లర్‌లోకి నీళ్ల పైపు వదిలేశాడు. కొలత లేదు, ఏం లేదు. ఆపమంటే మేస్త్రీ నవ్వి, "రేకుల షెడ్డే కదమ్మా, బరువేముంటుంది?" అన్నాడు.

బరువు లేకపోవడమే కదయ్యా అసలు భయం! ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే రేకులు పైకి లేస్తాయి. పైపుల్ని కిందికి పట్టి ఉంచేది గుంతలోని కాంక్రీటు బరువూ, దాన్ని బిగించి ఉంచిన మట్టీ. పైగా మాది పల్నాడు నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఆ కదిలే మట్టి దాటి లోతుకి తవ్వమంటే "ఇంత లోతు ఇళ్లకే తియ్యం" అన్నాడు. అందుకేగా మా ఊళ్లో సగం ఇళ్ల గోడలు పగుళ్లు తేలి ఉన్నాయి!

సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 కలిపితే, 50 కిలోల బస్తాకి నీళ్లు 30 లీటర్లు దాటకూడదని, కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456లో రాసి ఉంది. ఇసుక తడిగా ఉంటే ఆ తడి కూడా లెక్కలోకే వస్తుంది. ఎక్కువైన నీళ్లు ఆరిపోయి కాంక్రీటు లోపల సన్నటి బొక్కలు మిగులుతాయి. అసలే గేదెల మూత్రం, పేడనీళ్లు రోజూ పారే చోటు. ఆ తడి బొక్కల్లోకి దిగి నేల దగ్గరే పైపు తుప్పు పడుతుంది. అందుకే కాంక్రీటు నేల కంటే పైకి తెచ్చి చుట్టూ వాలు పెట్టమన్నాను. అదీ అనవసరం అంట.

ఇదంతా ఓపిగ్గా చెప్పాక ఏమన్నాడో తెలుసా? "సార్‌ని పిలవండమ్మా, ఆయనతో మాట్లాడతా."

ఎందుకు పిలవాలి? సార్ అంటే మా ఆయన, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నారు. ఈ షెడ్డు పాల డబ్బుతో కడుతున్నాను. దూడ అడ్డం తిరిగి గేదె ఈనలేక కొట్టుకుంటుంటే అర్ధరాత్రి పక్కన కూర్చున్నది నేను. అప్పుడు సార్‌ని పిలవమని ఎవరూ అనలేదు. గేదెల లోనుకి వెళ్తే బ్యాంకులో ఇదే మాట. కరెంటు మీటరుకి వెళ్తే అక్కడా ఇదే మాట. కాగితాలు నా పేరునే ఉంటాయి, సంతకం నేనే పెడతాను, మాట్లాడ్డానికి మాత్రం మగమనిషి కావాలి!

అన్నిటికంటే మండింది ఇది. కాసేపటికి మా మరిది బండి మీద వచ్చి, దిగకుండానే "నీళ్లు తగ్గించరా" అన్నాడు. "సరే అన్నా" అని వెంటనే పైపు కట్టేశారు. నేను గొంతు చించుకుని చెప్పిన మాటే కదా అది?

పని ఆపించేశాను. మిగతా గుంతలు అలా పొయ్యనివ్వను. నరసరావుపేట, వినుకొండ చుట్టుపక్కల బకెట్టు కొలతతో నీళ్లు పోసి, కాంక్రీటు కుదించే వైబ్రేటర్ పెట్టి, పది రోజులు గోనెలు కప్పి తడపడానికి ఒప్పుకునే మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి. డబ్బులు ఇచ్చేదీ, మాట్లాడేదీ నేనే అని ముందే చెప్పి పంపండి.