నర్సింగ్ సీటొచ్చిన ఇంటికి పరామర్శ

మా వీధిలో ఒకరింటికి వారం నుంచి చుట్టాలు వరసగా వస్తున్నారు. చేతుల్లో ఆపిల్ పళ్లు, మొహాల్లో దిగులు. చెప్పులు కూడా చప్పుడు కాకుండా విప్పుతున్నారు. ఎవరూ పోలేదు. ఆ ఇంటి అమ్మాయికి ఎంబీబీఎస్ రాక బీఎస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది, అంతే.

బైపీసీ పరామర్శకు ఒక పద్ధతుంది. ముందు కాసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఫ్యాను వంక చూడాలి. తర్వాత పెద్దావిడ ఒకరు గొంతు తగ్గించి, "అసలెలా జరిగింది వదినా?" అనాలి.

"ఏం చెప్పను వదినా, ముందు రోజు దాకా బాగానే ఉంది. ఆ రోజు నీట్ పరీక్షలో ఫిజిక్స్ దెబ్బ కొట్టేసింది."

"ఎక్కడా చూపించలేదా?"

"చూపించకేం! విజయవాడలో రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉంచాం. లాభం లేకపోయింది."

"బీ కేటగిరీ, అదే మేనేజ్‌మెంట్ కోటా?"

"మా తాహతుకు మించిపోయింది."

"పోనీ కిర్గిజ్‌స్థాన్ తీసుకెళ్లకపోయారా? మా తోటికోడలి కొడుకుని అక్కడికే తరలించారు."

ఇక్కడ తల్లి కొంగు కళ్లకద్దుకోవాలి. అమ్మాయి మాత్రం లోపలి గదిలో కొత్త యూనిఫారం వేసుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. ఆమెకింకా విషయం చెప్పలేదు.

ఏ సీటుకు ఎంత దుఃఖపడాలో కూడా లెక్కుంది. పళ్ల డాక్టరు చదువు బీడీఎస్‌కు పావు వంతు చాలు. ఆయుర్వేదం బీఏఎంఎస్‌కైతే "పేరు ముందు డాక్టరని పడుతుందిగా" అని టీ తాగి లేచిపోవచ్చు. ఫిజియోథెరపీ దగ్గరే చిక్కు. వాళ్లు పేరు ముందు డాక్టరని రాసుకోకూడదని 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసింది, మర్నాడే వెనక్కి తీసుకుంది. పరామర్శకు బయల్దేరినవాళ్లు సగం దారిలో ఆగిపోయి ఉంటారు. ఇక మందుల చదువు ఫార్మ్-డీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు, ఎంబీబీఎస్ కన్నా ఆర్నెల్లు ఎక్కువ. అన్నేళ్లు చదివొచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి, "అయితే మెడికల్ షాపు పెడతావా బాబూ?" అంటారు. ల్యాబ్ టెక్నాలజీలో చేరితే పరామర్శకు కూడా ఎవరూ రారు.

2025 నీట్‌కు 22 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మిగతా ఇళ్లన్నిటికీ వెళ్లి రావాలంటే మనకు వేరే పనులుండకూడదు. కాశ్మీరు ఆపిల్ రైతులకు మాత్రం మంచిదే.

ఈ పరామర్శల్లో ఆరితేరిన పెద్దమనిషి ఒకాయనకు పక్షవాతం వచ్చింది. పెద్ద డాక్టరు రోజుకు రెండు నిమిషాలు చూసి వెళ్లేవాడు. పడిపోయిన చెయ్యి పట్టుకుని నెలల తరబడి అడుగులు వేయించింది మాత్రం ఒక ఫిజియో అమ్మాయి. కర్ర లేకుండా నడిచిన రోజున ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇంత తెలివైనదానివి, ఎంబీబీఎస్‌కు ట్రై చెయ్యకపోయావా తల్లీ?" అన్నాడట.

ఈ దుఃఖానికి విరుగుడు లేకపోలేదు. దాని పేరు జర్మనీ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడికి పంపుతోంది. జీతం యూరోల్లో అని తెలిసిన మరుక్షణం నర్సు వృత్తి పవిత్రమైపోతుంది, ఆ వదినలే అమ్మాయి జాతకం అడుగుతారు.

ఇక్కడే ఉండిపోయిన అమ్మాయి సంగతి? 2020 మార్చి 22న సాయంత్రం అయిదింటికి బాల్కనీల్లో నిలబడి పళ్లేలు వాయించాం, అది ఆమెకూ కలిపే. అంతకు నాలుగేళ్ల ముందే సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకలు కూడా లేని ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదని చెప్పింది. ఈసారి ఏ నర్సింగ్‌హోమ్‌లోనైనా చుట్టాన్ని చూడ్డానికి వెళ్తే, నైట్ డ్యూటీలో ఉన్న పిల్లను అడగండి, ఎంతిస్తున్నారమ్మా అని. పక్కన సూపర్‌వైజర్ ఉంటే చెప్పదు. ర్యాంకు ఎంతని, ఎన్నిసార్లు రాశావని పెళ్లి భోజనాల మధ్య గుచ్చి గుచ్చి అడిగే నోళ్లు మనవి. రాత్రంతా మన అమ్మ మూత్రం సంచి మార్చిన మనిషికి ఎంతిస్తున్నారని ఆ ఆస్పత్రి యజమానిని ఒక్కడంటే ఒక్కడు అడగడు. డిశ్చార్జి రోజున మాత్రం ఆయనతో ఫొటో దిగి స్టేటస్ పెట్టుకుంటాం, సిగ్గు లేకుండా.