చమురుకు లెక్కుంది, నీటికి లేదు

చమురు బావి నుంచి పైకొచ్చేదాంట్లో చాలాచోట్ల చమురు కన్నా నీరే ఎక్కువ. అమెరికాలోని పెర్మియన్ బేసిన్‌లో బ్యారెల్ చమురుకు మూడు నాలుగు బ్యారెళ్ల నీరు వస్తుంది. బావి పాతబడేకొద్దీ ఈ వాటా ఇంకా పెరుగుతుంది. ఆ నీటిని తిరిగి చమురు పొరలోకే ఎక్కించి ఒత్తిడి నిలబెట్టే పాత క్షేత్రాల మీద మాకు అభ్యంతరం లేదు. ఎక్కడో లోతున పారబోసి చేతులు దులుపుకునే అలవాటు మీదే మా అభ్యంతరమంతా.

ఆ అలవాటుకు అమెరికాలోని ఒక్లహామా రాష్ట్రం మూల్యం చెల్లించింది. 3 తీవ్రత దాటిన భూకంపాలు ఒకప్పుడు ఏడాదికి ఒకటో రెండో వచ్చే ఆ రాష్ట్రంలో 2015లో దాదాపు 900 వచ్చాయి. 2016 సెప్టెంబరులో పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది. లోతు పొరల్లోకి దించుతున్న వ్యర్థజలాలను తగ్గించాకే ప్రకంపనలూ తగ్గాయి. పెన్సిల్వేనియా కథ వేరు. అక్కడ పారబోసే బావులు బహు తక్కువ, ట్యాంకర్లలో పొరుగు రాష్ట్రం ఒహాయోకు తోలాలి. దాంతో కంపెనీలు చాలా నీటిని తదుపరి బావుల ఫ్రాకింగ్‌కే, అంటే నీటిని గట్టి ఒత్తిడితో ఎక్కించి రాతిపొరలను పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పనికే, వాడుకోవడం మొదలుపెట్టాయి. పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు, కిరాయి భారం భరించలేక. ఖర్చు తగిలితే దారి దొరుకుతుందన్నమాట.

ఫ్రాకింగ్‌కు ఒక్కో బావికి లక్షల నుంచి కోట్ల లీటర్ల నీరు కావాలి. దానికి మంచినీరే ఉండాలన్న పట్టింపు లేదు. ఉప్పు తియ్యక్కర్లేదు కూడా. నూనె, బురద, ఇనుము, బ్యాక్టీరియా పోతే చాలు. చివరి నూనె చుక్కలను పట్టడానికి వాల్‌నట్ పెంకుల పొడి నింపిన ఫిల్టర్లు వాడతారు. నూనె పెంకుకు అంటుకుంటుంది, కడిగి మళ్లీ అవే పెంకులు వాడుకోవచ్చు. అశ్రద్ధ చేస్తే మాత్రం టెన్షన్ తప్పదు. ఒక బావి నీటిలో బేరియం, ఇంకో బావి నీటిలో సల్ఫేట్ ఉంటే, రెండూ కలిసినచోట పైపు లోపల రాయిలా పేరుకుంటుంది. బ్యాక్టీరియాను వదిలేస్తే కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువు పుట్టి ఇనుమును తినేస్తుంది. రిఫైనరీల్లోనూ ఇలాంటి పొదుపు ఉంది: అమ్మోనియా, గంధకం కలిసిన నీటిని ఆవిరితో శుభ్రం చేసి, ముడిచమురులోని ఉప్పు కడగడానికి వాడతారు.

అయితే క్షేత్రం కంచె దాటి ఈ నీటిని పొలాలకు, నదులకు వదులుదామంటే మేము ఒప్పుకోం. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటే పెర్మియన్ నీటిలో తరచూ 100 గ్రాములు దాటుతుంది. పైగా రేడియోధార్మిక రేడియం, క్యాన్సర్ తెచ్చే బెంజీన్. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో తోటలకు పారిస్తున్నారు కదా, ఒమన్‌లోని నిమ్ర్‌లో రెల్లు మడుగులతో శుద్ధి చేస్తున్నారు కదా అంటారు. ఆ రెండుచోట్లా నీటిలో ఉప్పు చాలా తక్కువ. పెర్మియన్ నీటి నుంచి ఉప్పు తీస్తే క్యూబిక్ మీటరుకు 100 కిలోలు మిగులుతుంది. ఆ గుట్టను ఎక్కడ పోస్తారో ముందు చెప్పాలి.

ఇంకో చిక్కూ ఉంది. చమురు ధర పడి కొత్త బావుల తవ్వకం ఆగితే నీటికి గిరాకీ పోతుంది, పాత బావుల నుంచి రావడం మాత్రం ఆగదు. ఒక కంపెనీ నీరు పక్క కంపెనీకి చేరేలా ఉమ్మడి పైపులైన్లు, నిల్వలు ఉంటే ఈ దెబ్బ కొంత తగ్గుతుంది. చేతులు మారిన నీటికి బాధ్యులెవరన్నది చట్టంలోనే తేలాలి. రీసైకిల్ నీరు దొరుకుతున్నా మంచినీరే కొనాలని బిగించే ఒప్పందాలు చెల్లవని అమెరికా రాష్ట్రం న్యూ మెక్సికో 2019లోనే చట్టం చేసింది. మిగతావాళ్లకు ఏం అడ్డొచ్చింది?

ప్రతి క్షేత్రం నెలనెలా నాలుగు అంకెలు బయటపెట్టాలి: ఎంత నీరు పైకొచ్చింది, ఎంత తిరిగి వాడారు, ఎంత లోతుకు పంపారు, ఎంత మంచినీరు బయటి నుంచి తెచ్చారు. నాలుగో అంకె తగ్గనిచోట కొత్త బావులకు అనుమతి ఆపాలి.