జీతానికేమో మీడియన్, పనికేమో టాప్ క్వార్టైల్!

ఇప్పుడే అప్రైజల్ మీటింగ్ అయింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి టైప్ చేస్తున్నా, ఇంకా ఒళ్లు మండిపోతోంది.

హెచ్‌ఆర్ వాళ్లు రెండు స్లైడ్లు చూపించారు. హైక్‌తో మన జీతం మార్కెట్ మీడియన్‌తో సమానంగా ఉందట, ఇక ఎక్కువ అడగొద్దట. రెండో స్లైడ్‌లో, టికెట్లు, అంటే మా దగ్గరికొచ్చే కంప్లైంట్లు, క్లోజ్ చేయడంలో మాత్రం మనం టాప్ క్వార్టైల్‌లో ఉండాలట. వందమందిలో యాభయ్యో వాడి జీతమిచ్చి, మొదటి పాతికమందిలా పని చెయ్యమని మొహం మీదే చెప్పారు! ఏ కంపెనీలతో పోల్చారండీ అని అడిగితే "ఇండస్ట్రీ బెంచ్‌మార్క్" అన్నారు. ఒక్క పేరు చెప్పలేదు.

ఇలా వేరే కంపెనీలతో పోల్చుకునే బెంచ్‌మార్కింగ్‌ని 1979లో జిరాక్స్ వాళ్లు మొదలుపెట్టినప్పుడు ఏం చేశారు? జపాన్ కాపీయర్లు అంత చవకగా ఎలా తయారవుతున్నాయని విప్పి చూశారు. తర్వాత గోడౌన్ పని నేర్చుకోవడానికి బూట్లు, బట్టలు అమ్మే ఎల్‌.ఎల్‌. బీన్ దగ్గరికి వెళ్లారు. అక్కడ సరుకు ఎలా తీస్తున్నారో చూసి తమ పద్ధతి మార్చుకున్నారు. మా వాళ్లు ఎక్కడికీ వెళ్లరు, ఏదీ చూడరు. అంకె ఒకటి తెచ్చి మా నెత్తిన పెడతారు.

పోల్చాలంటే మేనేజర్లను పోల్చండి. మా ఫ్లోర్‌లో ఒకే మేనేజర్ కింద ఏడాదిలో నలుగురు రాజీనామా చేశారు. అందులో ఒకమ్మాయి రోజూ లంచ్ టైంలో వాష్‌రూమ్‌లో ఏడ్చేది. ఆ నలుగురి లెక్క ఏ స్లైడ్‌లోనూ లేదు. ఆయనకే ఈసారి ప్రమోషన్!

అసలు నాకు రెండేళ్ల కిందటిది ఇంకా మంటగానే ఉంది. నాన్న గుండె ఆపరేషన్‌కి పన్నెండు రోజులు సెలవు పెట్టాను, నా లీవులే. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గించారు. "బెల్ కర్వ్‌లో ఎవరో ఒకరు కింద ఉండాలి కదమ్మా" అన్నారు. అంటే అందరూ బాగా చేసినా కొందరికి తక్కువ రేటింగ్ ఇవ్వాల్సిందేనట. ఐసీయూ బయట కూర్చుని లాప్‌టాప్‌లో చేసిన పనికి కూడా అదే రేటింగ్. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో ఇలా కొందర్ని తప్పనిసరిగా కింద పెట్టే పద్ధతి వదిలేసింది. ఈ బెంచ్‌మార్క్ మా వాళ్ల కంట ఎందుకు పడదు?

శుక్రవారం లోపు పోర్టల్‌లో "యాక్సెప్ట్" నొక్కాలట. పోల్చిన కంపెనీల పేర్లు ఇమ్మని మెయిల్ పెట్టాను. అవి వచ్చేదాకా నొక్కను.