అసాసిన్‌కు చెయ్యి వేగమే చాలన్న మాట నిలవదు

హైదరాబాద్ గేమింగ్ కేఫుల్లోనూ కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక సందేశం తెగ తిరుగుతోంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటి రెండు జట్లు తలపడే ఆన్‌లైన్ ఆటల్లో అసాసిన్‌ను (మెరుపులా దూకి బలహీనుణ్ని చంపేసే పాత్రను) ఆడటానికి చెయ్యి వేగం ఉంటే చాలనీ, కిల్స్ ఎన్ని ఎక్కువైతే గెలుపు అంత ఖాయమనీ, ఎదుటి జట్టులో ఇద్దరు ట్యాంకులు (ఎన్ని దెబ్బలైనా తట్టుకునే పాత్రలు) ఉంటే అసాసిన్‌ను ఎంచుకోవడమే దండగనీ దాని సారాంశం. వీటిలో మొదటిదే ఎక్కువ చేటు చేస్తోంది.

వేగం అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే కాంబో (వెంటవెంటనే వేసే దెబ్బల వరుస) అన్నది కొన్నాళ్లు సాధన చేస్తే ఎవరికైనా చేతికి వచ్చేస్తుంది. దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడమే అసలు విద్య. జెడ్ అనే అసాసిన్ సంగతే చూడండి. అతని అల్టిమేట్ (పాత్రకున్న అన్నిటికన్నా పెద్ద శక్తి) ఎదుటివాడి మీద వేసిన గుర్తు 3 సెకన్ల తర్వాత పేలుతుంది, ఆ 3 సెకన్లలో అతను కొట్టిన డ్యామేజీలో కొంత భాగం ఆ పేలుడులో మళ్లీ తగులుతుంది. ఎదుటి మేజ్ (మంత్రాలతో కొట్టే పాత్ర) దగ్గర జోన్యాస్ అవర్‌గ్లాస్ అనే వస్తువు ఉంటే, అతను బంగారు రంగులో బిగుసుకుపోయి 2.5 సెకన్లపాటు ఏ దెబ్బా తగలకుండా నిలబడతాడు. జెడ్‌కు మిగిలేది మహా అయితే అర సెకను. ఎంత చురుగ్గా నొక్కినా ఆ కాంబో బూడిదలో పోసిన పన్నీరే, పైగా మేజ్ సహచరులు చేరుకునేలోగా జెడ్ తాను వదిలిన నీడలోకి వెనుదిరగక తప్పదు. అదే అవర్‌గ్లాస్‌ను అంతకుముందు జరిగిన చిన్న గొడవలో ఖర్చు చేయించి, ఆ తర్వాత దూకినవాడు నిదానంగా నొక్కినా పని జరుగుతుంది. క్షణంలో కొంత దూరం మాయమై తేలే ఫ్లాష్ కూడా ఒకసారి వాడితే దాదాపు 5 నిమిషాలదాకా తిరిగి రాదు కనుక, ఎవరిది ఎప్పుడు పోయిందో చాట్‌లో రాసుకునేవాడే నిజమైన అసాసిన్. అమీర్‌పేట హాస్టళ్లలో పదిమంది పంచుకునే వై-ఫై మీద ఆడేవారికి ఈ లెక్క మరీ అవసరం. పింగ్ (నెట్ ఆలస్యం) ఎగిరిపడే చోట వేగం మాట ఎలా ఉన్నా జ్ఞాపకం మోసం చేయదు. పైగా ఆ ఆటను తయారుచేసిన రయట్ సంస్థ 2022 మే నెలలో అందరు ఛాంపియన్ల (ఆటలోని పాత్రల) హెల్త్‌నూ ఆర్మర్‌నూ పెంచింది కాబట్టి, అంతకుముందు తీసిన 'ఒక్క కాంబోకే ఖతం' వీడియోలను చూసి డ్యామేజీ లెక్కలు వేసుకోవడం పొరపాటు.

ఇక కిల్స్ విషయం. ఆట ముగిసేది నెక్సస్ (జట్టు స్థావరంలోని ప్రధాన కట్టడం) కూలినప్పుడు. మామూలు కిల్‌కు 300 గోల్డ్ (ఆటలో వస్తువులు కొనే సొమ్ము) వస్తుంది, పదేపదే చచ్చినవాణ్ని చంపితే అంతకన్నా తక్కువే వస్తుంది. వరుసగా కిల్స్ కొట్టినవాడి తల మీద మాత్రం బౌంటీ (అతన్ని చంపినవారికి దక్కే అదనపు గోల్డ్) పెరుగుతూ పోతుంది. మిడ్‌లో (మధ్య దారిలో) ఒకణ్ని చంపి, ఆ వ్యవధిలో టవర్ గానీ డ్రాగన్ గానీ తీసుకోకుండా మరో వేటకు అడవిలోకి పోయి చచ్చేవాడు ఎదుటి జట్టుకే గోల్డ్ పంచుతున్నాడు.

ట్యాంకుల వాదన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అసాసిన్ లక్ష్యం ట్యాంకు కాదు, వాళ్ల వెనక నిలబడి జట్టు తరఫున ప్రధానంగా డ్యామేజీ కొట్టే క్యారీ. ఒంటరిగా దొరికినవారి మీద ఖజిక్స్ అనే అసాసిన్ దెబ్బ మరింత గట్టిగా పడేలా తయారుచేసింది అందుకే. నిజంగా వెనకాడవలసింది సహచరులను కాపాడే లూలూ లాంటి సపోర్ట్‌ను చూసి: దూకినవాణ్ని ఆమె చిన్న జంతువుగా మార్చి ఏమీ చేయనివ్వదు, తన అల్టిమేట్‌తో క్యారీకి అదనపు హెల్త్ ఇస్తుంది. డ్రాఫ్ట్‌లో (పాత్రలను ఎంచుకునే దశలో) ఆమె కనిపించినప్పుడు అసాసిన్‌ను పక్కన పెట్టమని ఆ సందేశం చెప్పి ఉంటే నాకు పేచీ ఉండేది కాదు.