బోటుకు బరకం బిగిస్తే చాలదు

"చలికాలంలో బోటును పాడుచేసేది పైన పడే మంచు. గాలి చొరబడకుండా బరకం బిగించండి. ఇంజన్లో ఒక గాలను గులాబీరంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోయండి. లోపల తేమ పీల్చే డబ్బా ఒకటి పెట్టండి. బ్యాటరీని సిమెంటు నేల మీద పెట్టకండి. ఇక ఏప్రిల్ దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు." మిషిగన్, మిన్నెసోటా, ఒంటారియో సరస్సుల దగ్గర బోట్లున్న తెలుగువాళ్ల మధ్య ఏటా అక్టోబరులో తిరిగే సలహా ఇది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో పడవను ఒడ్డుకు లాగితే భయమల్లా ఎండకూ వానకే. అందుకే పైన కప్పితే కాపాడినట్టే అనిపిస్తుంది. నీళ్లు గడ్డకట్టే చోట ఆ లెక్క పనిచేయదు.

మంచు బరువుకు కవరు చిరగడం, కడ్డీలు వంగడం నిజమే. కానీ ఇంజనునే పోగొట్టేది లోపల మిగిలిన నీళ్లు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇంజను ప్రధాన దిమ్మె, అంటే పోత ఇనుము బ్లాకు, సాగదు, పగులుతుంది.

"ఒక గాలను యాంటీఫ్రీజ్" అన్నది ఈ సలహాలో అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. సరస్సు నీటితో నేరుగా చల్లబడే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇన్‌బోర్డు ఇంజన్లో, అంటే బోటు లోపల బిగించిన ఇంజన్లో, నాలుగు గాలన్ల దాకా నీళ్లు పడతాయి. పైగా ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటిదారి తెరిచే కవాటం) మూసుకునే ఉంటుంది. 60-70 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే గాని తెరుచుకోదు. అప్పటిదాకా నడుస్తున్న ఇంజను పీల్చుకున్న యాంటీఫ్రీజ్ బ్లాకులోకి సరిగా చేరకుండానే ఎగ్జాస్టు గుండా బయటికి పోతుంది. వెనక గులాబీరంగు కనపడగానే పని అయిపోయిందనుకుంటారు. బ్లాకులో మాత్రం సరస్సు నీళ్లు అలాగే ఉంటాయి. డబ్బా మీది "మైనస్ 50" కూడా ఫారన్‌హీట్ లెక్క. అదీ పైపు పగలకుండా ఉండే హద్దే, గడ్డకట్టే హద్దు కాదు. నీళ్లు కలిస్తే ఆ హద్దు కూడా నిలవదు.

కాబట్టి ముందు నీళ్లు తీసేయాలి, తర్వాతే పోయాలి. సాధారణంగా బ్లాకుకు రెండు పక్కలా ఒక్కో డ్రెయిన్ ప్లగ్గు, ప్రతి ఎగ్జాస్టు మానిఫోల్డుకూ (పొగను బయటికి పంపే గొట్టాల భాగం) ఒకటి ఉంటాయి. వాటితోపాటు నీటి పంపు గొట్టాలూ విప్పాలి. మీ ఇంజను మాన్యువల్లో ఎన్ని ఉన్నాయో చూసి, విప్పిన ప్లగ్గులన్నీ ఒక గిన్నెలో వేసి లెక్కపెట్టండి. ప్లగ్గు తీశాక చుక్క రాలేదంటే ఖాళీ అయిందని కాదు. తుప్పో ఇసుకో అడ్డుపడి ఉంటుంది. సన్నటి తీగతో పొడిస్తే బొళబొళా వస్తాయి. ఈ ఒక్క పని వదిలేసినా బ్లాకు పగలొచ్చు. ఆ తర్వాత ప్లగ్గులు బిగించి, థర్మోస్టాట్ దగ్గరి గొట్టాలు ఊడదీసి, పైనుంచి బ్లాకు, మానిఫోల్డులు నిండేదాకా పోయాలి. ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే వాడండి. కార్లలో పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం. వసంతంలో మొదటిసారి స్టార్టు చేయగానే అది సరస్సులోకే పోతుంది.

ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజను, ఊసే ఆ సలహాలో లేదు. దాన్ని నిలువుగా దించి ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. పైకి ఎత్తి వదిలేస్తే ప్రొపెల్లరు దగ్గర వాన నీళ్లు నిలిచి గడ్డకడతాయి. గేరు ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తే సీలు గుండా నీళ్లు చేరాయన్నమాట. దాన్ని మార్చకుండా వదిలితే గేరు పెట్టె పగలొచ్చు. కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలోంచి పొర్లేదాకా ఎక్కించాలి. అలాగైతే గాలి చిక్కుకోదు. రెండు ప్లగ్గులకూ కొత్త వాషర్లు వేయండి.

ఇక గాలి చొరబడని బరకం. పగటి ఎండకు లోపలి చెమ్మ ఆవిరవుతుంది. రాత్రి చలికి బరకం అడుగున పట్టి, మళ్లీ సీట్ల మీదే చుక్కలుగా పడుతుంది. రోజూ ఇదే తంతు. మార్చికి కుషన్లకు బూజు, వైర్ల కొసలకు పచ్చటి చిలుము. ముందూ వెనకా గాలి ఆడే సందులు వదలాలి. నడుమ దూలం పెట్టి, ఇంటి కప్పులా వాలు ఇవ్వాలి. కుషన్లు ఇంటికి తెచ్చుకోవడం మేలు, కుదరకపోతే నిలబెట్టి ఉంచండి. పెట్టెల మూతలన్నీ తెరవండి. బిల్జి (బోటు అడుగుభాగం) ప్లగ్గు తీసి, ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంచితే చేరిన నీళ్లు వెనక నుంచి పోతాయి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా మూసిన చిన్న గదిలో పనికొస్తుంది. గాలి ఆడే బోటులో అది ఊరి గాలిలోని తేమనంతా పీల్చాలని చూసి త్వరగా నిండిపోతుంది. ఎలక్ట్రిక్ హీటరు వేసి వదిలి వెళ్లడం మాత్రం అస్సలు వద్దు, నిప్పంటుకోవచ్చు.

బ్యాటరీని సిమెంటు నేల ఏమీ చేయదు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల్లోంచి కరెంటు నేలకు దిగదు. చూసుకోవాల్సింది చార్జి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కైనా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయింది మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. వైర్లు ఊడదీసి, నెలకోసారి చూసి, 12.4 వోల్టులకు దిగితే చార్జి పెట్టండి. లిథియం రకాన్ని మాత్రం సున్నా కన్నా తక్కువలో చార్జి చేయకూడదు.

"ఏప్రిల్ దాకా వెళ్లక్కర్లేదు" అన్నది అందుకే చెల్లదు. పెద్ద మంచు పడ్డ ప్రతిసారీ వెళ్లి దులపాలి, తాళ్లు చూడాలి. ఆ తాళ్లను బోటును మోసే స్టాండ్లకు ఎప్పుడూ కట్టకండి. గాలికి బరకం కొట్టుకుంటే స్టాండు పక్కకు జరిగి బోటే ఒరిగిపోతుంది. తాళ్లు బోటు అడుగునుంచి ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లాలి.