నిమ్మకాయ పెట్టడానికి వంగితే

మొన్న దసరాకు ఇక్కడ అమెరికాలో, మన కొలంబస్ గుళ్లో వాహన పూజ నాడు పార్కింగ్ డ్యూటీ నాకు పడింది. ఆ పని ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కార్లను వరసలో నిలబెట్టించాలి, పంతులుగారు వచ్చేలోపు బానెట్ మీద స్వస్తిక్ వేసుకోమని తొందరపెట్టాలి, ఒక్కో కారుకు నాలుగు నిమ్మకాయలు లెక్కపెట్టి ఇవ్వాలి. మోకాళ్ల నొప్పులవాళ్లకు చక్రాల కింద నిమ్మకాయలు నేనే వంగి పెట్టాను. గొడవంతా ఆ వంగడం దగ్గరే మొదలైంది.

ఒక తెల్ల సెడాన్ ముందు చక్రాలు కాస్త పక్కకు తిరిగి ఆగి ఉంది. బయటి నుంచి చూస్తే టైరుకు ఏ లోటూ లేదు. లోపలి అంచు మాత్రం అరిగి నున్నగా అయిపోయి, రబ్బరులోంచి ఉక్కు తీగలు కొబ్బరి పీచులా బయటికి వచ్చాయి. అలైన్‌మెంట్ తప్పిన బండికి ఇలాగే ఒక పక్కే అరుగుతుంది. నిలబడి చూసేవాళ్లకు కనపడదు. ఆ కారు ఆ ఇంటి పెద్దమ్మాయికట. పదహారు నిండాయి, లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు. కొబ్బరికాయ ఆ పిల్ల చేతిలోనే ఉంది.

తండ్రిని పక్కకు పిలిచి గొంతు తగ్గించే చెప్పాను, ఈ టైర్లు మార్చేదాకా పాపను హైవే ఎక్కించకండి అని. ఆయన మొహం మాడిపోయింది. "డాష్‌బోర్డు మీద టైరు లైటేమీ రాలేదే!" అన్నాడు ముందు. తరవాత, "పూజ దగ్గర ఈ మాటలెందుకు అన్నగారూ, నోటి వెంట ఒక మంచి మాట రానివ్వండి" అన్నాడు. ఇంతలో పంతులుగారు వచ్చేశారు. కారు నిమ్మకాయల మీదుగా పోయింది. రాత్రికి మన గ్రూపులో ఎవరో మహానుభావుడు పెట్టాడు: "ఈసారి పూజకు పంతులుగారితోపాటు మెకానిక్‌గారు కూడా వేంచేశారు." దాని కింద నవ్వే బొమ్మలు ఎన్ని పడ్డాయో మీలో చాలామందికి తెలుసు. వేసినవాళ్లు మీరే కదా.

నాకు కోపమేం లేదు. మూడు రోజులు గ్రూపును మ్యూట్‌లో పెట్టానంతే.

ఆ లైటు సంగతి చెప్పాలి. 2008 మోడల్ నుంచి ఈ దేశంలో అమ్మే ప్రతి కారులోనూ అది ఉండి తీరాలి. అయితే అది చూసేది గాలిని. కంపెనీ చెప్పిన ప్రెషర్‌లో 25 శాతం తగ్గితే వెలుగుతుంది. రబ్బరు అరిగిందో, చీలిందో దానికి తెలీదు. అరుగుదల తెలియాలంటే వంగి చూడాల్సిందే. ఒక పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, తీసుకుని దాని మీది లింకన్ తల కిందికి ఉండేలా టైరు గాట్లో పెట్టండి. తల మొత్తం కనిపించిందా, గాటు లోతు మిగిలింది 2/32 అంగుళం లోపే. చాలా రాష్ట్రాల్లో చట్టం గీసిన గీత అదే. కొత్త టైరుకు 10/32 అంగుళాల దాకా ఉంటుంది. కానీ వానలో నీళ్లను పక్కకు తోసే శక్తి అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. అందుకే పెన్నీ బదులు క్వార్టర్, అంటే పాతిక సెంట్ల నాణెం, పెట్టి చూడమంటారు. వాషింగ్టన్ తల కనిపిస్తే 4/32, కొత్తవి వెతుక్కోవాల్సిన వేళ. మన ఒహాయోలో ఏటా బండిని చూసి స్టిక్కరు వేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు. పక్కనున్న పెన్సిల్వేనియాలో ఉంది. టెక్సాస్ కూడా సొంత కార్లకు 2025 నుంచి తీసేసింది. అంటే టైరు చూసే బాధ్యత మనదే, ఇంకెవరూ చూడరు.

ఇంత చెబుతున్నవాడు తానేం చేశాడని అడుగుతారు. అడగాలి కూడా.

మా నాన్న ఒంగోలు డిపోలో ఆర్టీసీ డ్రైవరు. పొద్దున్నే బండి తీసే ముందు ఇనప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టేవారు. టంగుమంటే గాలి ఉన్నట్టు, దబ్బుమంటే లేనట్టు. సెలవుల్లో వెంట వెళ్లినప్పుడు ఆ రాడ్డు పట్టుకోవడం నా ఉద్యోగం. పాత టైరుకు కొత్త రబ్బరు అంటించిన రీబటన్ టైర్లు వెనక చక్రాలకే. ముందు మాత్రం మంచివి ఉండాలి. "ముందుది పేలితే స్టీరింగ్ మన మాట వినదురా" అనేవారు. ఇప్పటికీ ఆ మాట ఆయన గొంతుతోనే వినపడుతుంది.

కొన్నేళ్ల కిందట నా కామ్రీకి టైర్లు అరిగాయి. నాలుగూ మార్చాలంటే చెయ్యి రాలేదు. రెండే కొన్నాను. షాపు కుర్రాడు కొత్తవి వెనక వేస్తానన్నాడు. ఇంజను బలమంతా ముందు చక్రాలకు పోయే కారుకు కొత్త టైర్లు వెనకెందుకని నేను వాదించాను. నిజానికి వాదించింది నేను కాదు, ఒంగోలు డిపో. ఆ కుర్రాడు భుజాలు ఎగరేసి కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని ముందు వేశాడు.

ఆ మార్చిలో అమ్మను క్లీవ్‌లాండ్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తున్నాను. ఐ-71 మీద మాన్స్‌ఫీల్డ్ దాటాక వాన. చక్రాల దారుల్లో నీళ్లు నిలిచాయి. గంటకు 65 మైళ్లలో ఉన్నాను. వంపు దగ్గర స్టీరింగ్ చేతిలో గట్టిగానే ఉంది, ముందు చక్రాలు రోడ్డును పట్టుకునే ఉన్నాయి. కారు వెనక భాగం మాత్రం మమ్మల్ని దాటి ముందుకు వచ్చేసింది. అమ్మ ఒళ్లో ఉన్న ఆవకాయ డబ్బా డాష్‌బోర్డుకు తగిలింది. రెండు చుట్లు తిరిగి, రెండు రోడ్ల మధ్య గడ్డిలో, వచ్చిన దారి వైపే మొహం పెట్టుకుని ఆగాం. వెనక లారీ ఏదీ లేదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. అమ్మ మాట్లాడలేదు. కాసేపటికి, "కారం కళ్లల్లో పడలేదు కదా" అంది.

వెనక టైరు పట్టు తప్పితే కారు బొంగరమవుతుంది. ముందుది తప్పితే తిన్నగా జారుతుంది. రెండో దాన్ని మామూలు మనిషి ఎంతో కొంత అదుపు చేయగలడు, మొదటిదాన్ని చేయలేడు. అందుకే రెండే కొంటే కొత్తవి వెనకే వేయాలంటారు టైర్ల కంపెనీలవాళ్లు. నాన్న చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. వెనక జోడు చక్రాలున్న బస్సుకు అదే మాట సరైనది. నేనే దాన్ని తీసుకొచ్చి కామ్రీకి తగిలించాను.

అప్పటి నుంచి ఎవరు టైర్లు మార్చినా వాళ్లను కూర్చోబెట్టి కథ అడుగుతుంటాను. మా ఆవిడకు విసుగు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది 80,000 మైళ్ల వారెంటీ చూసి కొన్నాడు. 50,000కే అరిగాయి. డబ్బు వెనక్కి అడిగితే, టైర్లు ముందువి వెనక్కి మార్పించిన రసీదులు చూపించమన్నారు. ఒక్కటీ లేదు. ఉన్నా వాళ్లు ఇచ్చేది మిగిలిన మైళ్ల లెక్కన కొత్త టైరు మీద తగ్గింపే, చేతికి డబ్బు కాదు. మినియాపొలిస్ స్నేహితుడు నవంబరులో వింటర్ టైర్లు, ఏప్రిల్‌లో మామూలువి. గరాజ్‌లో ఆ దొంతర చూసి వాళ్లావిడ తిట్టని రోజు లేదు గానీ, 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మామూలు రబ్బరు గట్టిపడుతుంది, ఆయన చేసింది సబబే. మన కొలంబస్‌కు అంత అక్కర్లేదు. నేను పోయినసారి మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తున్న, ఎండకూ మంచుకూ ఒకటే సరిపోయే ఆల్ వెదర్ రకం వేయించాను, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2. మంచులో ధీమాగా ఉంది. మైలేజీ కాస్త తగ్గింది, పాత కాంక్రీటు రోడ్ల మీద హోరు కూడా ఉంది. బిల్లు 900 డాలర్ల దగ్గర తేలింది. పదేళ్లు దాటిన కారుకు 900 పెట్టావా అని నవ్వినవాళ్లున్నారు. వాళ్లే ఫోనుకు 1,100 పెడతారు.

చౌక రకాలు కొనేవాళ్లను నేను తప్పు పట్టను. ఎమ్మెస్‌కు వచ్చిన పిల్లవాడికి నాలుగు టైర్లంటే నెల అద్దె. సరైన సైజు, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన ప్రెషర్, కొత్తగా తయారైన సరుకు అయితే చౌకవి కూడా గుండు టైర్ల కంటే వెయ్యి రెట్లు మేలు. నా బాధ వేరు. మన గ్రూపుల్లో చేతులు మారే పాత కరోలాలు, సివిక్‌లు చూడండి. ఎమ్మెస్ అయ్యాక ఒకడు జూనియర్‌కు అమ్ముతాడు, వాడు ఇంకొకడికి. ఆయిల్ మార్పించిన తేదీ చెబుతారు, సీటు కవర్ల ఫొటో పెడతారు, టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తరవాత చివరి నాలుగు అంకెలు ఎవరూ చూడరు. 3216 అని ఉంటే 2016లో 32వ వారం తయారైనది. పోయిన చలికాలం ఒక పిల్లవాడి కారుకు నేను చూసిన అంకెలవే. గాట్లు నిండుగా ఉన్నాయి, పక్క గోడల మీద మాత్రం ఎండిన చెరువులా బీటలు.

కమిటీవాళ్లను అడిగేది ఒక్కటే. సంక్రాంతికి వేదిక మీద పూలకు, డీజేకు పెట్టేదాంట్లో కొంత తీసి ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు టైర్లు వేయించండి. ఇక వచ్చే దసరాకు నిమ్మకాయల పళ్లెం పక్కన లోతు కొలిచే గేజి ఒకటి పెడదాం. ఐదారు డాలర్లు, అది నేనే తెస్తాను. ఎవరినీ నలుగురిలో అడగను. వంగినప్పుడు చూసి, తక్కువుంటే చీటీ మీద అంకె రాసి వైపర్ కింద పెడతాను. అపశకునం అనుకునేవాళ్లు పూజ అయ్యాకే చదువుకోండి.

పార్కింగ్ డ్యూటీకి నా పేరు రాసేసుకోండి. నిమ్మకాయలు మాత్రం ఈసారి రెండు పెట్టెలు ఎక్కువ తెప్పించండి, పోయినసారి చివరి పదకొండు కార్లకు అందలేదు.